పేరు తీసే ముందు పిలిచి అడగరా?

రేషన్ కార్డు రద్దయిందన్న సంగతి మన దగ్గర చాలామందికి మొదట తెలిసేది రేషన్ దుకాణంలోనే. సంచి పట్టుకుని వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక వేలిముద్ర వేయబోతే డీలరు ఆపుతాడు. కార్డు నంబరు కొడితే ఈ-పాస్ మిషన్‌లో పేరు రావడం లేదు. మరోసారి కొడతాడు. రాదు. ‘నీ కార్డు తీసేసినట్టున్నారమ్మా’ అంటాడు. ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు అంటే ఆయనకూ తెలియదు. తాసీల్దారు ఆఫీసులో కనుక్కోమంటాడు. అక్కడికెళ్తే పైనుంచే పోయిందంటారు. మీసేవలో పెట్టుకోమంటారు. మీసేవకెళ్తే కొత్త కార్డుకు పెట్టుకోవాలో, పాతదాన్నే తెరిపించుకోవాలో చెప్పేవాళ్లుండరు. ఈలోగా కూలి పోయిన రోజులు కొన్ని, ఆటో చార్జీలు, కిరాణా కొట్టులో బియ్యం ఖాతా.

కిందటి నెలలో ఆ కుటుంబం అర్హుల జాబితాలో ఉంది. ఈ నెలలో లేదు. మధ్యలో ఆ ఇంటికి ఎవరూ వచ్చి చూడలేదు. ఒక కాగితం రాలేదు. ‘నీ మీద ఫలానా సమాచారం వచ్చింది, నువ్వేమంటావు?’ అని అడిగినవాళ్లు లేరు.

అనర్హులను జాబితాలోంచి తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని ఎవరూ కాదనరు. కానీ తీసేసే ముందు ఆ మనిషికి చెప్పాలి, ఆ మనిషి చెప్పేది వినాలి, విని తేల్చేదాకా ఇస్తున్నది ఇస్తూనే ఉండాలి. మొదటి రెండూ కాగితం మీదైనా అప్పుడప్పుడు కనిపిస్తాయి. మూడోదాన్నే అందరూ వదిలేస్తున్నారు. నిజానికి ప్రాణం ఆ మూడోదాంట్లోనే ఉంది. ముందు ఆపేసి తర్వాత వింటామనడానికీ, ముందు విని తర్వాత ఆపుతామనడానికీ మధ్య ఉన్న తేడా కొన్ని నెలల తిండి.

పద్దెనిమిది లక్షల కార్డులు

తెలంగాణ ఏర్పడిన 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో రద్దయిన ఆహార భద్రత కార్డులు 18 లక్షల 60 వేలకు పైనే. అందులో పెద్ద భాగం ఊళ్లో విచారణ చేసి తీసినవి కావు. వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్, ఆస్తి పన్ను, ఉద్యోగుల వివరాల వంటి రకరకాల ప్రభుత్వ జాబితాలను ఒకచోట చేర్చి, ఏ పేరు ఎక్కడెక్కడ ఉందో కంప్యూటర్ చేత సరిపోల్చించి తీసినవి. ‘సమగ్ర వేదిక’ అని పేరు పెట్టిన ఈ వ్యవస్థకు సాఫ్ట్‌వేర్ అందించింది హైదరాబాద్‌కు చెందిన పోసిడెక్స్ అనే సంస్థ.

ఇది పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి. రేషన్ జాబితాలో ఒక పేరు, తండ్రి పేరు, చిరునామా ఉంటాయి. రవాణా శాఖ జాబితాలో కారు యజమాని పేరు, తండ్రి పేరు, చిరునామా ఉంటాయి. ఇద్దరూ ఒకరేనా కాదా అన్నది కంప్యూటర్ తేల్చాలి. మన పేర్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఒకే బస్తీలో నలుగురు సయ్యద్ అలీలుంటారు, ఒకే ఊళ్లో ఆరుగురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఇంటిపేరు ఒక జాబితాలో ముందుంటుంది, మరో జాబితాలో వెనకుంటుంది, ఇంకోదాంట్లో ఒట్టి పొడి అక్షరమే ఉంటుంది. తెలుగులోనో ఉర్దూలోనో ఉన్న పేరును ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు గుమాస్తాకొక తీరున అక్షరాలు మారతాయి. అందుకని కంప్యూటర్ అచ్చుగుద్దినట్టు కలిసిన పేర్లనే కాకుండా దగ్గర దగ్గరగా ఉన్నవాటినీ కలుపుతుంది. ఎంత దగ్గరైతే ఒకరే అనుకోవాలన్నది ఎవరో ఒకరు ముందే పెట్టిన లెక్క. ఆ లెక్క పొరపాటున ఒక మెట్టు అటూ ఇటూ అయితే, రిక్షా తొక్కి బతికిన మనిషి కారు యజమాని అయిపోతాడు. హైదరాబాద్‌లో నిజంగా ఇలాగే జరిగింది. ఆయన పోయాక కూడా లేని కారు కారణంగా భార్యకు బియ్యం ఆగిపోయాయి. కారు లేదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆమె మీద పడింది. ఉన్నదాన్ని రుజువు చేయమంటే కాగితం చూపించవచ్చు. లేని కారు లేదని ఏ కాగితం చూపిస్తారు?

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ వ్యవహారాన్ని కోర్టుకు తీసుకెళ్లారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో పరిశీలన జరపమని ఆదేశించింది. అంటే ఇళ్లకు వెళ్లి చూడమని. రద్దు చేసే ముందు చేయాల్సిన పనిని, రద్దు చేసిన ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టు చెబితే మొదలుపెట్టారు.

ఆ పరిశీలనలో బయటపడిన అంకెలు జాగ్రత్తగా చదవాల్సినవి. కార్డు తిరిగి ఇవ్వమంటూ వచ్చిన దరఖాస్తులు 4,91,899. 2022 జూలై నాటికి పరిశీలించినవి 2,05,734. వాటిలో అర్హులేనని తేలినవి 15,471. నూటికి ఏడున్నర. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కార్డుకు ముగ్గురేనని తక్కువ లెక్క వేసుకున్నా నలభై ఆరు వేల మంది నోటి దగ్గరి కూడు. పైగా ఇది దరఖాస్తు పెట్టుకుని, ఆ దరఖాస్తు అధికారి బల్ల మీదికి చేరినవాళ్ల లెక్క మాత్రమే. కార్డు పోయాక ఊరు విడిచి వలస పోయినవాళ్లు, ఆఫీసుల చుట్టూ తిరగలేక ఊరుకున్నవాళ్లు, ఈలోగా కాలం చేసిన ముసలివాళ్లు ఇందులో లేరు.

అర్హులని తేలినవాళ్లకు కార్డు తిరిగి వచ్చిందనుకుందాం. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. ఏడాది పాటు కార్డు లేకపోతే 288 కిలోలు. ఆ బియ్యం వెనక్కి రావు. వచ్చినా నిరుటి ఆకలికి ఈ ఏడు తినలేం. ముందు వినడం, తర్వాత వినడం రెండూ ఒకటి కావని అనేది ఇందుకే.

న్యూయార్క్‌లో ఒక చెడిపోయిన కోడికూర

ఈ మాటను ప్రపంచంలో మొదట గట్టిగా చెప్పిన తీర్పుల్లో ఒకటి అమెరికా సుప్రీంకోర్టుది. గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ అనే కేసు. తీర్పు వచ్చింది 1970 మార్చి 23న. గోల్డ్‌బర్గ్ న్యూయార్క్ నగర సంక్షేమ శాఖ కమిషనర్. కెల్లీ ఆ సాయం మీద బతుకుతున్న ఒక నిరుపేద. ఆయనతో పాటు మరికొందరు కలిసి 1968లో దావా వేశారు.

వాళ్ల కష్టాలు చదువుతుంటే ఊళ్ల పేర్లు మార్చితే మనవే అనిపిస్తాయి. ఒకాయన మత్తుపదార్థాలు వాడుతున్నాడని, చికిత్సకు ఒప్పుకోవడం లేదని సాయం ఆపేశారు. నేను అసలు మత్తు ముట్టనే లేదంటాడాయన. విచిత్రమేమిటంటే, ఆయన కోర్టుకెక్కిన మర్నాడే సాయం తిరిగి మొదలైంది. మరొకామె భర్త వదిలేసి వెళ్లిన తల్లి. భర్త మీద దావా వేయడానికి శాఖకు సహకరించడం లేదని ఆమె సాయం కోసేస్తామన్నారు. ఇంకొకామె కథ కింది కోర్టు తీర్పులో ఉంది. ఉద్యోగం చేస్తూ దాచిపెట్టిందన్న అనుమానంతో 1968 ఫిబ్రవరి 1న ఆమెకూ, ఆమె మీద ఆధారపడ్డ నలుగురికీ సాయం ఆపేశారు. ఇరుగుపొరుగు పెట్టింది తిని రోజులు వెళ్లదీశారు. రెండు వారాలకు పొరుగువాళ్లు ఇచ్చిన కోడికూర, అన్నం చెడిపోయి ఉండటంతో ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలయ్యారు. అత్యవసర సాయం అడగడానికి సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది.

అప్పటికి న్యూయార్క్‌లో విచారణ అనేదే లేదా అంటే, ఉంది. కానీ సాయం ఆపేసిన తర్వాత. గెలిస్తే ఆగిన సొమ్మంతా కలిపి ఇచ్చేవాళ్లు. దావా పడ్డాక నగరం ఇంకో మెట్టు దిగింది. ఆపే ముందు ఏడు రోజుల నోటీసు ఇస్తాం, అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వండి, పై అధికారి చూస్తారు అంది. ఇవాళ మన రాష్ట్రాల్లో చాలా పథకాలకు అంతకన్నా తక్కువే ఉంది.

జస్టిస్ విలియం బ్రెన్నన్ రాసిన తీర్పు దాన్ని చాలదంది. అయిదుగురు అటు, ముగ్గురు ఇటు. చాలదనడానికి ఆయన చూపిన కారణాలు రాజ్యాంగ శాస్త్రంలోంచి కాక ఆ మనుషుల బతుకుల్లోంచి తీసినవి. చదువు రానివాళ్లు రాసి ఇవ్వడం ఎలా? రాయించడానికి వకీలును ఎక్కడ తెచ్చుకుంటారు? రాసిన కాగితం ఎదుటివాడి ప్రశ్నకు బదులు చెప్పదు, అధికారికి ఏ విషయంలో అనుమానం ఉందో చూసి దానికి తగ్గట్టు మాట మార్చుకోలేదు. శాఖ ఉద్యోగే ఆ మనిషి తరఫున చెబుతాడంటే, అసలు ఆ మనిషి మీద అనుమానం రాసింది ఆ ఉద్యోగే కదా. కాబట్టి మనిషిని పిలవాలి, నోటితో చెప్పుకోనివ్వాలి, తన మీద చెప్పినవాళ్లను అడగనివ్వాలి, కావాలనుకుంటే వకీలును వెంట తెచ్చుకోనివ్వాలి. తీర్పు చెప్పేవాడు ముందు ఆ ఫైలు మీద నిర్ణయం చేసినవాడు కాకూడదు. ఏ ఆధారంతో తేల్చాడో రాసి ఇవ్వాలి. ఇదంతా సాయం ఆపడానికి ముందే జరగాలి.

ముందే ఎందుకన్నదానికి ఆయన చెప్పిన కారణం ఒక్కటే. సాయం మీద బతికే మనిషికి అది ఆగిన మరుక్షణం బతుకే ప్రశ్న అవుతుంది. రేపటి తిండి వెతుక్కునే మనిషి ఆఫీసుతో పోరాడలేడు. అంటే తర్వాత విచారణ ఉందని చెప్పడమే తప్ప, దాన్ని వాడుకునే శక్తిని ముందే లాగేసుకున్నట్టు. ఇంకో మాట కూడా అన్నారు. చట్టం ఇస్తానన్న సాయం అర్హుడికి హక్కేగాని దయాధర్మం కాదు. ప్రభుత్వం ఇచ్చే లైసెన్సులు, సబ్సిడీలు, ఉద్యోగాలు, భృతులు అన్నీ కొత్త తరహా ఆస్తేనని 1964లో చార్లెస్ రైక్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఒక వ్యాసంలో వాదించాడు. బ్రెన్నన్ ఆ వాదాన్ని తీర్పులోకి తెచ్చారు.

ఆరేళ్లకే అమెరికా వెనక్కి తగ్గింది. 1976లో మాథ్యూస్ వర్సెస్ ఎల్‌డ్రిడ్జ్ కేసులో, వైకల్యం మీద ఇచ్చే సామాజిక భద్రత భృతిని ఆపే ముందు అలాంటి విచారణ అక్కర్లేదంది. మనిషికి జరిగే నష్టం ఎంత, ఇప్పుడున్న పద్ధతిలో తప్పు జరిగే అవకాశం ఎంత, ప్రభుత్వానికి అయ్యే ఖర్చు, శ్రమ ఎంత అని మూడు తూకాలు వేసి చూడమంది. వైకల్య భృతి పేదరికం చూసి ఇచ్చేది కాదు, డాక్టర్ల కాగితాల మీద తేలిపోయేది అన్నది ఆ తీర్పు లెక్క. ఆ భృతి ఆగిపోవడంతో ఎల్‌డ్రిడ్జ్ ఇల్లు తాకట్టులో పోయింది, సామాన్లు పట్టుకుపోయారు, భార్యాపిల్లలతో కలిసి ఒకే మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి భిన్నాభిప్రాయం రాసిన బ్రెన్నన్ అందులో గుర్తు చేశారు.

మన చట్టం ఏమంటుంది

దీనికి అమెరికా దాకా పోవాల్సిన పనే లేదు. ఎదుటివాడి మాట వినకుండా అతనికి కీడు చేసే నిర్ణయం తీసుకోకూడదన్నది మన కోర్టులు ఎప్పటినుంచో పాటిస్తున్న సహజ న్యాయ సూత్రం. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కింద పాటించే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలంది. 1980లో ఎస్.ఎల్. కపూర్ కేసులో, వినకపోవడమే నష్టం, వినకపోవడం వల్ల ఇంకేం నష్టం జరిగిందో వేరే రుజువు చేయనక్కర్లేదంది. 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసు వచ్చింది. ఓల్గా టెల్లిస్ కేసు అంటారు. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పిన తీర్పు అది. ఆక్రమించి ఉన్నారన్నది తెలిసిందే, నోటీసు ఇచ్చి ప్రయోజనమేముంది అన్న మునిసిపాలిటీ వాదనను అక్కడ కోర్టు ఒప్పుకోలేదు. మాట వినడం ఫలితం కోసమే కాదు, మనిషిని మనిషిగా చూడటం కోసం కూడా.

ప్రభుత్వ ఉద్యోగుల పింఛను సంగతి చూడండి. అది ప్రభువుల దయ కాదు, ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే తేల్చారు. 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు రోజును విశ్రాంత ఉద్యోగులు ఇప్పటికీ పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. వాళ్ల పింఛన్‌లో వంద రూపాయలు కోయాలన్నా నోటీసు, సంజాయిషీ, ఉత్తర్వు ఉండాలి. అది న్యాయమే. ముప్పై ఏళ్లు కొలువు చేసిన మనిషికి ఆ గౌరవం దక్కాల్సిందే. అరవై ఏళ్లు పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసిన మనిషి పింఛనుకు ఆ గౌరవం ఎందుకు లేదన్నదే ప్రశ్న. జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది 2013లో. అప్పటినుంచి బియ్యం కూడా చట్టం రాసిచ్చిన హక్కే.

2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఇంట్లో తినడానికి లేక పోయిందని తల్లి చెప్పింది. ఆధార్‌తో కలపలేదని ఆ ఇంటి రేషన్ కార్డు రద్దయింది. దేశమంతటా దాదాపు మూడు కోట్ల కార్డులు ఇలా రద్దయ్యాయంటూ ఆ తల్లి వేసిన పిటిషన్‌ను 2021లో సుప్రీంకోర్టు చాలా తీవ్రమైన విషయంగా తీసుకుంది. జార్ఖండ్‌లోనే పది జిల్లాల్లో రద్దయిన కార్డులపై ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనంలో ఆచూకీ దొరకని ‘దొంగ కార్డులు’ పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగతావన్నీ నిజంగా ఉన్న కుటుంబాలవే. ఏటా ఇన్ని లక్షల బోగస్ కార్డులు ఏరేశాం, ఇన్ని వందల కోట్లు మిగిల్చాం అని ప్రకటన వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు రావాలి.

‘పనికి ఇష్టం లేదు’

ఉపాధి హామీలో జరిగింది ఇంకా దారుణం. 2022-23 ఒక్క ఏడాదిలో దేశవ్యాప్తంగా జాబ్ కార్డుల్లోంచి తీసేసిన కూలీల పేర్లు 5 కోట్లు దాటాయని కేంద్రం పార్లమెంటుకే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 78 లక్షలు, తెలంగాణలో 17 లక్షలు. ఆధార్ ఆధారిత చెల్లింపులు తప్పనిసరి చేస్తున్న రోజులవి. ఆధార్ కలవని పేర్లు ఎన్ని మిగిలితే మండలానికి అంత వెనకబాటు. పేరు తీసేస్తే లెక్క సరిపోతుంది.

తీసేసేటప్పుడు కంప్యూటర్‌లో ఒక కారణం ఎంచుకోవాలి. అది జాబితాలో సిద్ధంగా ఉంటుంది. మనిషి చనిపోయారు. కుటుంబం ఊరు వదిలి వెళ్లింది. రెండుసార్లు నమోదైంది. దొంగ కార్డు. పనికి ఇష్టం లేదు. వీటిలో దేన్ని నొక్కినా పేరు పోతుంది. పోయిన పేరు గల మనిషి పలుగూ పారా పట్టుకుని మర్నాడు పనికి వస్తుంది. మస్టర్‌లో పేరుండదు. ‘పనికి ఇష్టం లేదు’ అని ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. గ్రామసభలో చదివి వినిపించి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే అబద్ధం అది. ఊరంతా ఎదురుగా కూర్చుని ఉండగా, ఆమె లేచి నిలబడితే చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో పథకాల అర్హత తేల్చడానికి కొన్నేళ్ల పాటు నడిచిన ఆరు అంచెల పరిశీలన కూడా ఈ కోవలోదే. నాలుగు చక్రాల వాహనం, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు, మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు దాటిన భూమి, పట్టణంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, వీటిలో ఏది ఉన్నా పథకం దక్కదు. నిబంధనలు వింటే సబబుగానే అనిపిస్తాయి. చిక్కంతా ఏ మీటరు ఎవరి ఆధార్‌కు తగిలించారన్న దగ్గర ఉంది. మూడు వాటాల ఇంటికి ఒకే మీటరుంటుంది, అది ఒకరి పేరున ఉంటుంది. అమ్మేసిన భూమి రికార్డుల్లో పాత యజమాని పేరునే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఈ సంగతులు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుకు తెలుసు, వీఆర్వోకు తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. రద్దు చేసే చోట ఉన్న యంత్రానికి తెలియదు. తెలిసినవాళ్లకేమో ఆపే అధికారం లేదు.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగింది. సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించి, వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినవాళ్లకు రద్దు నోటీసులు ఇచ్చారు. నెలకు 6 వేల పింఛను అది. ఇంటికి నోటీసు రావడం మంచిదే. కానీ ఆ నోటీసే రద్దు కబురైంది. నడవలేనివాళ్లను ఎత్తుకుని తెచ్చి ఎంపీడీఓ ఆఫీసుల ముందు కూర్చోబెట్టారు ఇళ్లవాళ్లు. గొడవ ముదిరాక ప్రభుత్వం అప్పీలుకు అవకాశమిచ్చింది, అప్పీలు చేసుకున్నవాళ్లకు మళ్లీ పరీక్ష జరిగేదాకా పింఛను ఆగదని చెప్పింది. ఆ రెండో మాటను మెచ్చుకోవాలి. అది మొదటి రోజు నుంచే, అడగకుండానే, అందరికీ వర్తించాల్సిన మాట. ఇక్కడ ఎల్‌డ్రిడ్జ్ తీర్పు లెక్క కూడా తిరగబడుతుంది. అమెరికాలో వైకల్య భృతి పేదరికంతో పని లేనిది కాబట్టి విచారణ అక్కర్లేదన్నారు. మన దివ్యాంగ పింఛను పేదవాళ్లకే ఇచ్చేది. అలాంటప్పుడు మన మనిషికి వర్తించాల్సింది కెల్లీ కేసు గాని ఎల్‌డ్రిడ్జ్ కేసు కాదు.

అనర్హులు లేరా?

ఉన్నారు. మేడలు, కార్లు ఉండి తెల్లకార్డు పెట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల పేర్లు ఊరివాళ్లకు తెలుసు. ఖజానా అందరిదీ కాబట్టి వాళ్లను తీయాల్సిందే. గోల్డ్‌బర్గ్ తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్ ఇంకో అనుమానం కూడా చెప్పారు. తీసేయడం ఇంత కష్టం చేస్తే, చేర్చుకునే దగ్గరే ప్రభుత్వం తలుపులు బిగిస్తుందని. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదు. కొత్త కార్డులకు ఏళ్ల తరబడి ఎదురుచూసిన తెలంగాణ కుటుంబాలకు ఆ బిగింపు అనుభవమే.

అయినా లెక్క చూడండి. ఒక అనర్హుడికి విచారణ ముగిసేదాకా రెండు నెలలు ఎక్కువ బియ్యం పోతే ప్రభుత్వానికి పోయేది కొన్ని వందల రూపాయలు, మహా అయితే ఒకటి రెండు వేలు. అర్హుడికి రెండు నెలలు ఆగితే పోయేది ఆ పిల్లల తిండి. తప్పు ఎటు జరిగినా తప్పే. కానీ ఒక తప్పును ప్రభుత్వం మోయగలదు, రెండో తప్పును ఆ కుటుంబం మోయలేదు. ఈ తేడాను పట్టించుకోని దేశాలు ఎంత నష్టపోయాయో ఈ మధ్యనే చూశాం. ఆస్ట్రేలియాలో సంక్షేమ లబ్ధిదారుల ఆదాయాన్ని కంప్యూటర్ సగటు కట్టి, లేని బాకీలు చూపి వసూలు చేసిన రోబోడెట్ వ్యవహారం మీద 2023లో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. నెదర్లాండ్స్‌లో వేల కుటుంబాలను పిల్లల సంరక్షణ భత్యంలో మోసగాళ్లుగా ముద్ర వేసినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. రెండు చోట్లా మనుషుల మాట కన్నా లెక్క మాటే చెల్లింది.

కంప్యూటర్ వద్దని ఎవరూ అనడం లేదు. ఎవరి ఇంటికి వెళ్లి చూడాలో చెప్పడానికి అది పనికొస్తుంది. ఎవరి పేరు తీసేయాలో చెప్పే పని దానికి అప్పగించకూడదు.

మరి నోటీసు అంటే ఎలా ఉండాలి? ‘అనర్హత’ అన్న ఒక్క మాటతో వచ్చే సెల్‌ఫోన్ సందేశం నోటీసు కాదు. ఏ జాబితాలో ఏ వివరం దొరికింది, బండి అయితే దాని నంబరెంత, భూమి అయితే ఏ సర్వే నంబరు, మీటరైతే ఏ సర్వీసు నంబరు, ఇవన్నీ తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో, రాసి చేతికివ్వాలి. చదవలేనివాళ్లకు చదివి చెప్పాలి. జవాబు చెప్పడానికి గడువు ఉండాలి. ఎవరి దగ్గరికి, ఏ రోజు రావాలో ఉండాలి. ఆ రోజు ఊళ్లోనే, పంచాయతీ ఆఫీసులోనో సచివాలయంలోనో వినాలి. జిల్లా కేంద్రానికి రమ్మంటే ఆ నోటీసు ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. బండి నంబరు నోటీసులో ఉంటే, అది ఎవరి బండో ఊరే చెబుతుంది. తేల్చేదాకా బియ్యం, పింఛను ఆగకూడదు. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ తలా ఒక జీవో ఇస్తే చాలు.

పేరు పోతే ఏం చేయాలి

ముందుగా నోటి మాటతో ఊరుకోవద్దు. నా కార్డు లేదా పింఛను ఎందుకు ఆపారో, ఏ ఆధారంతో ఆపారో, ఆపిన ఉత్తర్వు నకలు ఇవ్వమని రాసిచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఇందుకు పనికొస్తాయి. రసీదు నంబరు మరవకండి. జవాబు రాకపోతే అదే ప్రశ్నను సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి.

బియ్యం విషయంలో ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. ఆహార భద్రత చట్టం 15వ సెక్షన్ ప్రతి జిల్లాలోనూ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలంటుంది. ఆయన దగ్గర న్యాయం జరగకపోతే 16వ సెక్షన్ కింద రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్లవచ్చు. జిల్లా అధికారి ఇమ్మన్నది ఇవ్వని ఉద్యోగికి 5 వేల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. హక్కున్న బియ్యం ఇవ్వకపోతే దానికి బదులు ఆహార భద్రత భత్యం చెల్లించాలని 8వ సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదులో ఆగిన నెలలు, రావాల్సిన కిలోలు లెక్క కట్టి మరీ అడగండి. అడిగినవాళ్లు తక్కువ కాబట్టే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోయింది.

అక్కడా కాకపోతే హైకోర్టు. నోటీసు లేకుండా తీసేశారన్న ఒక్క కారణం మీదే ఆ ఉత్తర్వును కొట్టేయమని అడగవచ్చు. వకీలుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. మీ దగ్గరి కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది. ఆధార్, పాత కార్డు జిరాక్సు, ఆఫీసులో ముద్ర వేయించుకున్న ఆ రెండో ప్రతి తీసుకుని వెళ్లండి.